చివరి మూడు నిమిషాల గరగర: ‘బిచెస్ బ్రూ’ ఖరీదైన రీఇష్యూ కొనాలా?

ఇంకా డబ్బు కట్టి ఉండకపోతే కాస్త ఆగండి.

మీరు రాసిన దాని సారాంశం ఇది. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1970 ఆల్బమ్ ‘బిచెస్ బ్రూ’కు మామూలు రీఇష్యూ, అంటే మళ్లీ అచ్చు వేసిన రికార్డు, కొన్నారు. మొదటి రికార్డు రెండో వైపున ఆల్బమ్ పేరుతోనే ఉన్న పాట మొదట్లో శుభ్రంగా వినిపించి, చివరికి వచ్చేసరికి ట్రంపెట్ రేకు మీద మేకు గీసినట్టు గరగరలాడుతోంది. దుకాణదారు ‘ఇది మామూలు ప్రెస్సింగ్, ఆడియోఫైల్ ఎడిషన్ తీసుకుంటే ఈ బాధ ఉండదు’ అన్నారు. దాని ధర పది వేలు దాటుతోంది. కొనాలా వద్దా, శబ్దం మీద పట్టింపు ఉన్నవాళ్ల కోసం ప్రత్యేకంగా చేశామనే ఈ ‘ఆడియోఫైల్’ అన్న మాటలో నిజమెంత అని అడిగారు. అనలాగ్ (శబ్దాన్ని అంకెల్లోకి మార్చకుండా టేపు నుంచి నేరుగా గాడికి చెక్కడం) అని చెప్పి డిజిటల్ అమ్మిన ‘మోసం’ కథ ఏమిటని కూడా అడిగారు. మీ దగ్గర ఉన్నది ఆడియో టెక్నికా ఎల్‌పీ120 టర్న్‌టేబుల్, దానితో పాటే వచ్చిన వీఎం95ఈ కార్ట్రిడ్జ్, అంటే సూదిని పట్టుకునే చిన్న పెట్టె.

నేను ఇరవై ఏళ్లుగా రికార్డులు కొంటున్నాను. ఈ ఆల్బమ్ ప్రతులే నాలుగు ఉన్నాయి, అందులో రెండు కొనకుండా ఉండవలసింది. మీరు చెప్పిన గరగర ఆ నాలుగింటిలోనూ ఒకప్పుడు విన్నాను. ఇప్పుడు ఒక్కదానిలోనూ వినబడదు. రికార్డులు అవే, మారింది సూది.

దుకాణదారు అబద్ధం చెప్పారని నేను అనను. ఆయన చెప్పిన మందు మీ జబ్బుకు పనికిరాదు, అంతే.

ఆ పాట నిడివి దాదాపు 27 నిమిషాలు. ఒక్క వైపున ఒక్క పాటే. రికార్డు నిమిషానికి 33 చుట్లు పైచిలుకు తిరుగుతుంది కాబట్టి 27 నిమిషాలకు 900 చుట్లు. పన్నెండు అంగుళాల రికార్డులో గాడి చెక్కడానికి దొరికే జాగా కేంద్రం నుంచి సుమారు 146 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 60 మిల్లీమీటర్ల దగ్గర ముగుస్తుంది. అంటే 86 మిల్లీమీటర్ల పట్టీ. అందులో 900 చుట్లు సర్దాలంటే ఒక్కో చుట్టుకు దక్కేది 0.095 మిల్లీమీటర్లు, తలవెంట్రుక మందమంత. అదే 18 నిమిషాల వైపైతే 600 చుట్లే, చుట్టుకు 0.14 మిల్లీమీటర్లు. ఇరుకు గదిలో చేతులు చాపి నాట్యం చేయలేనట్టే, ఇరుకు గాడిలో బాస్ గిటార్ పెద్దగా ఊగలేదు. అందుకే గాడి చెక్కే కటింగ్ ఇంజనీరు ఇంత పొడుగు వైపుకు శబ్దం స్థాయిని తగ్గిస్తాడు, అడుగు స్వరాలను కొంచెం అదుపులో పెడతాడు. స్థాయి తగ్గినప్పుడు మీరు వాల్యూమ్ పెంచుతారు, దానితో పాటు గాడి చిటపటలు కూడా పెరుగుతాయి. ఈ లెక్క 1970లో ఎంతో ఇప్పుడూ అంతే. బంగారు రేకు అతికించి అమ్మినా 27 నిమిషాలు 27 నిమిషాలే.

రెండో చిక్కు అంతకంటే ముఖ్యం. రికార్డు తిరిగే వేగం మారకపోయినా, సూది కింద గాడి పరుగెత్తే వేగం లోపలికి వెళ్లేకొద్దీ పడిపోతుంది. బయటి అంచున సెకనుకు 51 సెంటీమీటర్లు, చివరి చుట్టు దగ్గర 21 సెంటీమీటర్లు. పది వేల హెర్ట్జ్ స్వరం ఒక్కో అల బయట 51 మైక్రాన్ల పొడుగున హాయిగా పరుచుకుంటే, లోపల 21 మైక్రాన్లకు ముడుచుకుపోతుంది. మీ వీఎం95ఈ సూది మొన దీర్ఘవృత్తం ఆకారంలో ఉంటుంది. గాడి గోడను తాకే అంచు వ్యాసార్ధం ఏడున్నర మైక్రాన్లు. ఆ ముడుచుకున్న అలల మలుపుల్లోకి అది పూర్తిగా దిగలేక, మలుపులను కోసుకుంటూ పోతుంది. ట్రంపెట్ శబ్దంలో పై హార్మోనిక్‌లు దండిగా ఉంటాయి కాబట్టి మొదట గీరుకునేది అదే. చాలా మంది దీన్ని ప్రెస్సింగ్ లోపం అనుకుంటారు. దుకాణాలు కూడా అలాగే అనుకోనిస్తాయి, ఎందుకంటే సూది అమ్మితే వచ్చే లాభం తక్కువ.

ఇప్పుడు ఆ పాట కట్టుబడిని గుర్తు తెచ్చుకోండి. తాళం లేకుండా, ట్రంపెట్ ఒక్కో కేక వేసి ఆగడం, ఆ కేకకు టేపు ప్రతిధ్వని వెంటపడడం, ఈ తంతుతో పాట మొదలవుతుంది. చివర మళ్లీ అక్కడికే వస్తుంది. అంటే రికార్డులో అత్యంత సౌకర్యమైన చోట విన్న శబ్దాన్నే, అత్యంత ఇరుకైన చోట రెండోసారి వింటారు. మొదటి కేక గంట మోగినట్టుండి చివరి కేక గీరుకుంటే నేరం దాదాపుగా సూదిదే, లేదా దాని అమరికది.

ఒక చిన్న పక్కదారి. ఈ ఆల్బమ్‌లోని మూడో వైపున గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పేరే పెట్టిన నాలుగున్నర నిమిషాల ముక్క ఉంది, అందులో మైల్స్ వాయించనే లేదు. ఆ మెక్‌లాఫ్లినే తర్వాత జాకిర్ హుస్సేన్, ఎల్. శంకర్, విక్కు వినాయకరామ్‌లతో శక్తి బృందం కట్టాడు. అది ‘రిమెంబర్ శక్తి’గా మళ్లీ మొదలయ్యాక అందులో ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నది మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్. ఆయన పుట్టింది 1969 ఫిబ్రవరిలో, ఈ ఆల్బమ్ రికార్డయింది అదే ఏడాది ఆగస్టులో. ఇందులో అర్థమేమీ లేదు. కానీ ఆ ముక్క వింటున్నప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తొస్తుంది.

సరే, అసలు ‘ఆడియోఫైల్’ సంగతి. ఈ ఎడిషన్లు అమ్మేది ఒక నమ్మకం మీద: మూలమైన మాస్టర్ టేపు ఒకటుంది, దానికి ఎంత దగ్గరగా ఉంటే అంత స్వచ్ఛం. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ వంటి ఆల్బమ్‌కు ఈ మాట చాలా వరకు నప్పుతుంది. ‘బిచెస్ బ్రూ’ దగ్గర మాత్రం తడబడుతుంది.

1969 ఆగస్టు 19, 20, 21 తేదీల్లో, న్యూయార్క్‌లో కొలంబియా సంస్థ వారి స్టూడియో బీలో దీన్ని రికార్డు చేశారు. వుడ్‌స్టాక్ ఉత్సవం ముగిసిన మర్నాడే మొదలైంది. ఒకే గదిలో రెండు డ్రమ్ సెట్లు, ఇద్దరు బాస్ వాద్యకారులు, కొన్ని పాటల్లో మూడు ఎలక్ట్రిక్ పియానోలు, పైన బాస్ క్లారినెట్, సాక్సోఫోన్, గిటార్, కాంగాలు. మైల్స్ వాళ్లకు పూర్తి రచన ఇవ్వలేదు. చిన్న చిన్న ఆకారాలు ఇచ్చి, వాళ్లు వాయిస్తుంటే చేత్తో సైగలు చేస్తూ నడిపించాడు. నిర్మాత టియో మాసెరో టేపును తిరగనిచ్చాడు. ఆ తర్వాత బ్లేడు తీసుకుని కూర్చున్నాడు.

ఆ బ్లేడు పని ఎంతటిదో తెలియాలంటే మొదటి వైపున ‘ఫారోస్ డాన్స్’ పెట్టండి. ఇరవై నిమిషాల ఈ పాటలో 19 అతుకులున్నాయని పరిశోధకులు లెక్కపెట్టారు. ఆగుతూ సాగుతూ వచ్చే ఆ ప్రారంభమే స్టూడియోలో ముక్కలు కలిపి కట్టినది. ఎనిమిది నిమిషాల 39 సెకన్ల దగ్గర ఒక సెకను పొడుగు ముక్క వస్తుంది. ఎనిమిది నిమిషాల 54 నుంచి 59 సెకన్ల మధ్య ఆ ముక్కే ఐదుసార్లు వరుసగా వినిపిస్తుంది. వాయించేవాళ్లు అలా వాయించలేదు, టేపు అలా వాయించింది. పేరు పాటలో మరో 15 అతుకులు, మూడో నిమిషం దాటగానే ఐదు సెకన్ల తునకలు గిరగిరా తిరుగుతాయి. మొదటిసారి విన్నప్పుడు నా రికార్డు గీత పడి అక్కడే తిరుగుతోందనుకుని పరుగెత్తుకెళ్లి సూది ఎత్తేశాను.

ఇప్పుడు ఆలోచించండి. ఒకే ముక్క ఐదుసార్లు రావాలంటే ఆ ముక్కకు నకళ్లు తీయాలి. నకలు అంటే మరో తరం టేపు. అంటే ‘మాస్టర్ టేపు’ అని మనం గౌరవంగా పిలిచే ఆ రీలులోనే కొన్ని చోట్ల మొదటి తరం, కొన్ని చోట్ల రెండో తరం శబ్దం పక్కపక్కనే అతికి ఉంటుంది. ప్రతిధ్వని, లూపు, అతుకు అన్నీ కలిసిన తర్వాత ‘కల్తీ లేని మూలం’ అన్న మాటకు ఇక్కడ చోటెక్కడ? ఈ ఆల్బమ్ గొప్పదనమే ఆ కల్తీలో ఉంది. స్టూడియోను వాద్యంగా వాడిన జాజ్ రికార్డు కాబట్టే జాజ్, రాక్ కలిసే ఫ్యూజన్‌కు ఇది తలుపు తీసింది. దీన్ని ఆడియోఫైల్ పరీక్షకు పెట్టి ‘ఎంత నిశ్శబ్దంగా ఉంది’ అని మురిసిపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఇది నిశ్శబ్దం కోసం వినే రికార్డు కాదు.

కాబట్టి ఈ ఆల్బమ్ విషయంలో ‘అనలాగా, డిజిటలా’ కంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఏ మిక్స్, అంటే విడివిడి వాద్యాలను ఎవరు ఎప్పుడు ఏ పాళ్లలో కలిపినది? 1998లో ‘కంప్లీట్ బిచెస్ బ్రూ సెషన్స్’ బాక్సు తెచ్చినప్పుడు ఎనిమిది ట్రాకుల మూల టేపుల నుంచి మార్క్ వైల్డర్ కొత్తగా మిక్స్ చేశాడు. అందులో వాద్యాలు విడివిడిగా, శుభ్రంగా, దగ్గరగా వినిపిస్తాయి. 1970లో విడుదలైన మిక్స్ ఇంకా మసకగా, ఇంకా చిక్కగా, పొగ నిండిన గదిలా ఉంటుంది. నాకు మాత్రం పొగే కావాలి. ఇది నా రుచి. కొత్త మిక్స్‌లో బెన్నీ మాపిన్ బాస్ క్లారినెట్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలం, కాదనను. కానీ అడవిలో పాము ఎక్కడుందో ముందే తెలిసిపోతే భయమేముంటుంది? మీరు కొనబోయే ఎడిషన్ వివరాల్లో ఏ మిక్స్ అన్న మాట లేకపోతే అమ్మకందారును అడగండి. ఆయనకూ తెలియకపోతే ఆ డబ్బు జేబులోనే ఉండనివ్వండి. 1970ల తొలినాళ్లలో నాలుగు స్పీకర్ల కోసం చేసిన క్వాడ్రాఫోనిక్ ఎడిషన్ కూడా ఒకటి వచ్చింది. పాత రికార్డుల దుకాణాల్లో అది అప్పుడప్పుడు తగులుతుంది. అట్ట మీద ఆ ముద్ర చూసుకోకుండా కొని, ‘ఇదేమిటి, నా రికార్డులా లేదు’ అని తర్వాత తల పట్టుకునేవాళ్లను చూశాను.

అనలాగ్ గొడవ గురించి కూడా అడిగారు కాబట్టి చెబుతాను. మీరు విన్న ‘మోసం’ కథ ఆడియోఫైల్ రికార్డులు వేసే మొబైల్ ఫిడిలిటీ సంస్థది, మేమంతా మోఫై అంటాం. 2022 జులైలో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో రికార్డుల దుకాణం నడిపే మైక్ ఎస్పొజిటో ఒక వీడియోలో, మోఫై రికార్డులు పూర్తిగా అనలాగ్ కావని, మధ్యలో డిజిటల్ దశ ఉందని చెప్పాడు. ఊరు ఊరంతా అతని మీద పడింది. సంస్థ అతన్ని కాలిఫోర్నియాలోని తమ స్టూడియోకు పిలిచింది. అక్కడ ఇంజనీర్లే కెమెరా ముందు ఒప్పుకున్నారు: మూల టేపును డీఎస్‌డీ అనే డిజిటల్ రూపంలోకి మార్చి, దాని నుంచి చెక్కుతున్నామని. 2011 నుంచీ ఆ పద్ధతి ఉంది. అనుమానానికి విత్తనం వేసింది మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’. ఆ ఎడిషన్ 40,000 ప్రతులు వేస్తామన్నారు. వాళ్ల వన్‌స్టెప్ పద్ధతిలో ఒక్కో లక్కర్ (మొదట గాడి చెక్కే పళ్లెం) నుంచి కొద్ది ప్రతులే వస్తాయి. అన్ని వేల ప్రతులకు ఆ అమూల్యమైన టేపును ఎన్నిసార్లు తిప్పాలి? ఎవరు తిప్పనిస్తారు? లెక్క తెలిసినవాళ్లకు అక్కడే అర్థమైంది. తర్వాత కోర్టు కేసు, 2.5 కోట్ల డాలర్ల రాజీ.

ఈ కథలో నాకు నచ్చే చోటు ఒకటుంది. చెవితో విని డిజిటల్‌ను పసిగట్టగలమని ఒట్టేసి చెప్పే పెద్దమనుషులు పదకొండేళ్ల పాటు ఆ రికార్డులనే ‘అనలాగ్ అంటే ఇదీ’ అని పొగిడారు. నేనూ పొగిడాను, ఇక్కడే, ఇదే పేరుతో. పాత సమాధానాలు వెతికితే దొరుకుతాయి, వెతకకండి. అంటే శబ్దంలో తప్పు లేదు. దాచిపెట్టడం తప్పు. అట్ట పైభాగాన ‘ఒరిజినల్ మాస్టర్ రికార్డింగ్’ అని పట్టీ వేసి, మధ్యలో ఏముందో చెప్పకపోవడం తప్పు. గొడవ తర్వాత సంస్థ ఒక్కో రికార్డుకూ టేపు నుంచి కటింగ్ దాకా నడిచిన దారిని బయటపెట్టడం మొదలుపెట్టింది. కొనేముందు ఆ వరుస చదివి కొనండి. ఆ పట్టీ మీద నాకు మరో కోపం కూడా ఉంది. మాటీ క్లార్‌వైన్ గీసిన ఆ అట్టబొమ్మ, సముద్రం వైపు తిరిగి కౌగిలించుకున్న జంట, మంటలు లేచే పువ్వు, రెండు అట్టల మీద పరుచుకున్న ఆకాశం, వీటన్నిటి నెత్తిన ఆ పట్టీ దుకాణం బోర్డులా కూర్చుంటుంది.

ఇంకో సంగతి చాలా మందికి తెలియదు. గాడుల మధ్య ఎడం ఎంత ఉంచాలో తెలియాలంటే, రాబోయే శబ్దం ఎంత పెద్దదో చెక్కే యంత్రానికి ఒక చుట్టు ముందే తెలియాలి. పాత రోజుల్లో టేపు యంత్రానికి అదనంగా ఇంకో హెడ్ పెట్టి ముందుగా వినిపించేవాళ్లు. 1970ల చివర నుంచి చాలా కటింగ్ గదుల్లో ఆ అదనపు హెడ్ బదులు డిజిటల్ డిలే పెట్టి, అసలు శబ్దాన్నే కాసేపు ఆపి పంపడం మొదలైంది. అంటే మన తాతల కాలం నాటి స్వచ్ఛమైన అనలాగ్ అనుకుని ఎత్తిపెట్టుకున్న 1980ల రికార్డుల్లో చాలా వాటి గాడిలో అప్పటికే అంకెలు పారాయి. ఎవరికీ నిద్ర చెడలేదు.

మరి ఆడియోఫైల్ ప్రెస్సింగ్‌కు ఇచ్చే డబ్బుకు దక్కేది ఏమీ లేదా? ఉంది. చదునుగా ఉన్న రికార్డు, నడిమధ్యన పడిన రంధ్రం, శుభ్రమైన ముడిసరుకు, తొందరపడకుండా చల్లార్చిన అచ్చు. మామూలుగా లక్కర్ నుంచి లోహపు ఫాదర్, దాని నుంచి మదర్, దాని నుంచి స్టాంపర్ తీసి అచ్చు వేస్తారు. వన్‌స్టెప్‌లో మధ్య రెండు అంచెలు ఉండవు, లక్కర్ నుంచి తీసిన లోహంతోనే అచ్చు వేస్తారు. గాడి అంచులు కొంచెం పదునుగా మిగులుతాయి, చిటపట తగ్గుతుంది. లక్కర్లు చవక కాదు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా బానింగ్‌లో అపోలో మాస్టర్స్ కర్మాగారం తగలబడిపోయాక లోకానికంతటికీ లక్కర్లు చేసే పెద్ద చోటు అప్పటికి జపాన్‌లో ఒక్కటే మిగిలింది. ధరలో కొంత వాటా దానిది. 180 గ్రాముల బరువు మాత్రం శబ్దానికి చేసేది దాదాపు ఏమీ లేదు. చేతికి బరువుగా తగిలితే ఖరీదైనదనిపిస్తుంది, అంతవరకే.

ఖరీదు పెట్టినంత మాత్రాన ఇవన్నీ దక్కుతాయన్న హామీ కూడా లేదు. కొన్నేళ్ల క్రితం ఒక విదేశీ దుకాణం నుంచి తెప్పించిన ఖరీదైన ప్రతికి రంధ్రం పక్కకు పడింది. ఎలక్ట్రిక్ పియానో నిలబెట్టిన ప్రతి స్వరం ఊగేది. ఒక ఊపు, మళ్లీ ఊపు, సరిగ్గా ఒకటి ముప్పాతిక సెకనుకు కొంచెం పైగా, అంటే రికార్డు ఒక చుట్టు తిరిగేంత సేపు. సూదిని మోసే చేయి, అదే టోన్ ఆర్మ్, వైపు చూస్తే గుడికెళ్లి దండం పెట్టినట్టు లోపలికీ బయటికీ కదులుతోంది. ఫోటోలు పంపితే ‘ఇది ప్రమాణాల పరిధిలోనే ఉంది’ అన్న జవాబు వచ్చింది. తిరిగి పంపే ఖర్చు రికార్డు ధరలో సగం. మీరు ఎక్కడ కొన్నా, తిరిగి ఇచ్చే వీలు ఉందో లేదో ముందు అడగండి. ఎండాకాలంలో తెప్పించుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో కొరియర్ గోదాములో రెండు రోజులు ఒరిగి పడి ఉన్న రికార్డు అప్పడంలా వస్తుంది.

45 వేగం ఎడిషన్ వస్తే లోపలి చుట్ల బాధ తగ్గుతుంది కదా అని కూడా అడిగారు. నిజమే, గాడి వేగం మూడో వంతు పెరుగుతుంది. కానీ ఆ వేగంలో ఒక వైపున పదిహేను నిమిషాలు పడితే గొప్ప. ఈ పాటను మధ్యలో నరికి, లేచి రికార్డు తిప్పాలి. టియో మాసెరో పెట్టిన 15 అతుకులు చాలు, పదహారోది మనం పెట్టనక్కర్లేదు.

ఇక మీరు చేయవలసింది. టోన్ ఆర్మ్ వెనుక బరువు మీద ఉన్న అంకెలను నమ్మకుండా, కొన్ని వందల రూపాయలకు దొరికే సూది రికార్డును ఎంత బరువుతో నొక్కుతోందో కొలిచే చిన్న డిజిటల్ తూకం కొనండి. వీఎం95 వరుసకు 2 గ్రాములు సరైన బరువు, 1.8 నుంచి 2.2 వరకు పరిధి. తక్కువ బరువు పెడితే రికార్డు అరగదన్నది పాత మూఢనమ్మకం. తేలికైన సూది గాడిలో నిలవలేక గోడలకు కొట్టుకుంటుంది, అరిగేది అప్పుడే. తర్వాత ప్రొట్రాక్టర్ (కోణం సరిచూసే గీతల కాగితం) అచ్చు వేసుకుని కార్ట్రిడ్జ్ కోణం చూడండి. బేర్వాల్డ్ పద్ధతిలో కోణం తప్పు సున్నా అయ్యే బిందువులు 66, 121 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి. స్టీవెన్‌సన్ పద్ధతిలో లోపలిది 60.3 దగ్గర, అంటే సరిగ్గా మీకు నొప్పి ఉన్న చోట. పొడుగు వైపులున్న రికార్డులు ఎక్కువగా వినేవాళ్లకు నేను రెండోదే చెబుతాను.

ఇదంతా చేశాక కూడా గరగర మిగిలితే వీఎం95ఎంఎల్ సూది కొనండి. కార్ట్రిడ్జ్ ఒంటికి అదే సరిపోతుంది, పాత సూది తీసి కొత్తది తొడగడమే. దాని మొన అంచు సుమారు మూడు మైక్రాన్లే. ఆ 21 మైక్రాన్ల మలుపుల్లోకి దిగగలదు. మీరు చెప్పిన ఖరీదైన ఎడిషన్ ఒక్క ఆల్బమ్‌ను బాగుచేస్తుందేమో, ఈ సూది మీ అరలో ఉన్న ప్రతి రికార్డు చివరి పాటనూ బాగుచేస్తుంది.

అమరిక సరిగ్గా కుదిరిందో లేదో తేల్చడానికి మైల్స్ ఆల్బమే ఇంకొకటి ఉంది. ‘ఇన్ ఎ సైలెంట్ వే’, అదే 1969లో ఫిబ్రవరిలో రికార్డు చేసి వేసవిలో విడుదల చేసినది. ఒక్కో వైపు ఇరవై నిమిషాల లోపే కాబట్టి గాడికి ఊపిరాడుతుంది. రెండో వైపు మొదటి నాలుగు నిమిషాలు పియానో వాద్యకారుడు జో జావినుల్ రాసిన నెమ్మదైన రాగం. మెక్‌లాఫ్లిన్ గిటార్ ఒంటరిగా, తడుముకుంటున్నట్టు మొదలవుతుంది. చివరి నాలుగు నిమిషాలూ అదే రాగం. మళ్లీ వాయించినది కాదు, టియో ఆ టేపునే నకలు తీసి చివర అతికించాడు. ప్రతి ఊపిరి, ప్రతి తడబాటు అదే. అమ్మే టెస్ట్ రికార్డుల్లో కూడా ఇంత మంచి పరీక్ష నాకు దొరకలేదు: ఒకే టేపు, ఒకసారి బయటి అంచున, ఒకసారి లేబుల్ పక్కన. రెండింటి మధ్య వినబడే తేడా అంతా మీ సూదిది, మీ అమరికది. కొంత తేడా ఎప్పటికీ మిగులుతుంది, పై స్వరాల మెరుపు కొద్దిగా తగ్గుతుంది. కానీ గిటార్ తీగ గీరుకోకూడదు. మొదటి వైపునా ఇదే పని చేశాడు, మొదటి ఆరు నిమిషాలు చివర మళ్లీ వస్తాయి. నన్నడిగితే మొదట ఖరీదైన ప్రెస్సింగ్ కొనవలసింది కూడా దీనికే. ఇందులో నిశ్శబ్దానికి పని ఉంది.

‘బిచెస్ బ్రూ’కే కొనాలని ఉంటే, 1970 మిక్స్ అని స్పష్టంగా రాసినది, తిరిగి ఇచ్చే వీలున్నది చూసి కొనండి, ఆనందంగా వినండి. మొదటి అమెరికన్ ప్రతి, జీపీ 26 నంబరు, లేబుల్ మీద ‘360 సౌండ్’ అని ఉండేది, మంచి స్థితిలో దొరికితే అది వేరే కథ. కానీ ఆ ధరకు ముందు ఇంట్లోవాళ్లను అడగాలి.

తూకం మీద ఎంత చూపించిందో రాయండి. గరగర రెండు స్పీకర్లలోనూ ఉందా, ఒక దానిలోనే ఎక్కువగా ఉందా అన్నది కూడా. ఈ ఆల్బమ్‌లో అది కనిపెట్టడం తేలిక: డ్రమ్ములు ఎడమన లెన్నీ వైట్‌వి, కుడిన జాక్ డిజానెట్‌వి. డిజానెట్ తాళాలే (సింబల్స్) ఎక్కువ చిందరవందరగా వినబడితే, కుడి చానెల్ గాడి బయటి గోడ మీద ఉంటుంది కాబట్టి, టోన్ ఆర్మ్ లోపలికి లాగుకుపోకుండా ఆపే యాంటీ స్కేట్ డయల్‌ను ఒక్క గీత పెంచి మళ్లీ చివరి మూడు నిమిషాలు పెట్టి చూడండి.